సగం రొట్టె, ఎనిమిదో వంతు

నన్ను దోహాలో ఎరిగినవాళ్ళు ఇప్పటికీ ‘రొట్టెల సారు’ అంటారు. ఇక్కడి తెలుగువాళ్ళు ఒక ఉగాదికి వేసుకున్న సంచికలో నా ఫోటో కింద ‘క్యాంపు కార్మికులకు భిన్నాలు నేర్పిన మేధావి’ అని అచ్చయింది. ఆ మాట రాసి పంపింది నేనే. ఫోటో కూడా నేనే ఎంచుకున్నాను, కొంచెం పక్కకు చూస్తూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. అందులో ఫోటో ఒక్కటే నిజం. అదీ పూర్తిగా కాదు, ఆ క్షణాన నేను ఆలోచిస్తున్నది కోడిపలావు గురించి. ఈ పుస్తకంలో మిగతా సంగతులన్నీ రాసి ఈ ఒక్కటి దాటేద్దామనుకున్నాను. ఒక ప్లైవుడ్ పలక దాటనివ్వలేదు.

పోయిన చలికాలం మా కంపెనీ సనయ్యలోని పాత క్యాంపును ఖాళీ చేసింది. సనయ్య అంటే గ్యారేజీలూ గోదాములూ కూలీల క్యాంపులూ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండే పేట. నేనిప్పుడు స్టోర్‌కీపర్ని, అల్ హిలాల్‌లో భార్యాబిడ్డలతో ఫ్లాట్‌లో ఉంటున్నవాణ్ణి. పాత సామాను పట్టీ రాసుకు రమ్మంటే వెళ్ళాను. మెస్ హాల్లో గ్యాస్ పొయ్యి కాలు కింద ఎత్తు కోసం ఎవరో పలక ఒకటి దూర్చారు. లాగాను. మడ్డి, దుమ్ము, కత్తి గాట్లు. గుడ్డతో తుడిస్తే ఒక కన్ను బయటపడి నన్ను చూసింది. కనుబొమ్మ, నల్లగుడ్డు, కిందికి వంకీ తిరిగిన తోక, ఒక కన్నీటి బొట్టు. మార్కర్‌తో గీసిన కన్ను. ఇన్నేళ్ళుగా అది పొయ్యి కింద మేలుకునే ఉందని తోచి, అక్కడే బకెట్ బోర్లించుకుని కూర్చున్నాను.

ఆ రోజుల్లో చమురు ధర ఎంత పెరిగితే దోహా అంత ఎత్తు పెరిగేది. వెస్ట్ బేలో మేము ఒక టవర్‌కు కడ్డీలు కడుతుంటే, పక్కన మరో రెండు టవర్లు మా కంటే ముందు మేఘాల్లోకి పోయేవి. తెల్లవారుజామున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో ఎండ. క్యాంపులో గదికి ఎనిమిది మందిమి, రెండంతస్తుల మంచాలు నాలుగు. తలుపు తీయగానే మొదట తడి సాక్సుల వాసన, దాని వెనక కొబ్బరి నూనె, దాని వెనక ఎవరో దాచుకున్న మామిడికాయ తొక్కు. ఈ మూడూ వరసగా వస్తే ఇల్లు చేరినట్టు. కిటికీ మీద ఆరేసిన ఎనిమిది బనియన్లలో ఏది ఎవరిదో వాసన చూసి చెప్పగల మొనగాడు మాలో ఒకడున్నాడు. పేరు రాయను, ఇప్పుడు సర్పంచ్.

మా గదికి పెద్ద పోశెట్టి కాక. మెట్‌పల్లి పక్క పల్లె. చదువు లేదు. ఊళ్ళో వడ్లు కొలిచే పని చేసి చేసి, కొలవకుండా ఏదీ ముట్టుకోలేని స్థితికి వచ్చాడు. ‘దుబాయ్‌ల బియ్యం ఏంతోని కొలుస్తరో ఏమో’ అని వాళ్ళావిడ ఒక సత్తు సోల పెట్టెలో పెట్టి పంపింది. వాళ్ళకు ఖతార్ కూడా దుబాయే. కాక ఆ సోలతోనే బియ్యం, పప్పు, చాయపత్తి, చివరికి సర్ఫు కూడా కొలిచేవాడు. కొలిచేటప్పుడు మొదటిసారి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. బట్టలుతికేటప్పుడు కూడా, ‘లాభం... రెండు...’

ఇక నేను. ఇంటర్ తప్పి వచ్చాను. క్యాంపులో మాత్రం డిగ్రీ అని చెప్పాను. ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ణి, మందు సీసాల మీద చీటీలు చదివేవాణ్ణి. అందరూ ‘రాజేశం సారు’ అనేవారు. అన్నల వయసు వాళ్ళు కూడా అనేవారు. ఇరవై రెండేళ్ళ వాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో, దాని కోసం ఏమేం చేస్తాడో, అదే ఈ అధ్యాయం.

మెస్‌లో కూర దండిగానే ఉండేది. తగువంతా ఖుబ్జ్ దగ్గర. ఖుబ్జ్ అంటే పళ్ళెమంత గుండ్రటి రొట్టె. బేకరీ ప్యాకెట్‌లో ఐదు, బల్లకు ఎనిమిది మంది. ఈ రెండంకెలూ ఎవరు కలిపారో వాడికి మా ఉసురు తగలాలి. నేను ‘సారు’ని కాబట్టి మా బల్ల దగ్గర పంపకం నాది. కంటితో చూసి తుంచేవాణ్ణి. ప్రతి పూటా ఎవరో ఒకరు అలిగి లేచిపోయేవారు, ఆ లేచిపోయినవాడి ముక్కతో లెక్క సరిపోయేది. అదీ నా పద్ధతి.

అప్పుడు వచ్చాడు కొత్త మెస్ ఇన్‌ఛార్జ్. యాభై దాటిన మనిషి, పొట్ట ముందు నడిస్తే ఆయన వెనక వచ్చేవాడు. ఈజిప్టు దేశస్థుడు. అక్కడ బడిలో లెక్కలు చెప్పేవాడట, పిల్లల పెళ్ళిళ్ళ కోసం ఇటు వచ్చాడు. మా డ్రైవర్ ఖాజా మియా నిజామాబాద్ వాడు. అరబ్బీ, ఉర్దూ, తెలుగు మూడింటినీ ఒకే నోట్లో పెట్టుకుని తిరిగేవాడు. బల్లలన్నీ తిరిగి పరిచయం చేశాడు.

“గీయన మిస్రీ.”

మిస్రీ అంటే ఈజిప్టువాడని. మా బల్ల దాకా వచ్చేసరికి అది మేస్త్రీ అయింది. 

“మేస్త్రీయా? ఏం మేస్త్రీ? తాపీ ఏది?” అన్నాడు పోశెట్టి కాక.

“మేస్త్రీ కాదు కాకా, మిస్రీ, మిస్రీ!”

“గదే అంటున్న గదా, మేస్త్రీ అని.”

వారం తిరిగేసరికి క్యాంపు మొత్తం ఆయన్ని మేస్త్రీ అనేది. ఖాజా ఒక్కడు ఉస్తాద్ అనేవాడు, అంటే పంతులుగారు. ఒకాయన తన బాత్రూం గోడకు సున్నం కొట్టిపెట్టమని కూడా అడిగాడు. ఆయన ‘హాదిర్, హాదిర్’, అట్లాగే అట్లాగే అని నవ్వి, నిజంగానే కొట్టిపెట్టాడు. చాలా చెడ్డగా కొట్టాడు.

మొదటి రోజే ఆయన గోడ పలక మీద ఆ పూట రొట్టెల సంఖ్య రాశాడు. అరబ్బీ అంకెల్లో ఐదు మన సున్నాలా ఉంటుంది. బల్లకు సున్నా రొట్టెలని చదివి నేనే హాలంతా చాటాను. పది నిమిషాలు గిన్నెలు మోగాయి. రొట్టెలు వచ్చాక అందరూ నా వైపు చూశారు. “నేను గట్టిగ అడిగిన కాబట్టే తెచ్చిండు” అన్నాను. నమ్మారు. అక్కడ నాకు ధైర్యం వచ్చింది.

ఆయన మా బల్ల దగ్గరకు వచ్చి, నా చేతిలో చిందరవందర అవుతున్న రొట్టెను మర్యాదగా తీసుకున్నాడు. ప్లైవుడ్ పలక పరిచాడు. నాలుగు రొట్టెల్ని సగానికి కోశాడు, ఎనిమిది సగాలు. ఐదోదాన్ని ఎనిమిది ముక్కలు చేశాడు. ప్రతివాడి ముందూ ఒక సగం, ఒక ముక్క. ఎవడి వాటా చూసినా పక్కవాడి వాటాలాగే ఉంది. “మియ్య మియ్య” అన్నాడు, నూటికి నూరు అని. ఆ పూట ఎవరూ అలగలేదు. అలగడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక మంచినీళ్ళు తాగారు.

ఇది తన సొంతం కాదని ఆయన ఖాజా ద్వారా చెప్పాడు. వేల ఏళ్ళ కిందట వాళ్ళ దేశంలో లెక్కలు రాసేవాళ్ళు ఇట్లాగే రొట్టెలు పంచేవారట. ఎనిమిదింట ఐదు అనే మాటే వాళ్ళకు లేదు. సగం, మూడో వంతు, నాలుగో వంతు, ఇట్లా పైన ఒక్కటి ఉన్న వంతులే రాసేవారు. మూడింట రెండు ఒక్కదానికి మాత్రం మినహాయింపు. ఎంత చిక్కు పంపకమైనా అలాంటి వేరు వేరు వంతుల్ని పక్కపక్కన పెట్టి తేల్చేవారు. నైలు నది ఒడ్డున పిరమిడ్లు కట్టిన కూలీలకూ రొట్టే తిండి అట.

“అంటే మనసొంటోళ్ళే” అన్నాడు పోశెట్టి కాక. “ఆళ్ళకు ఓవర్‌టైం ఉండెనా అడుగు.”

మరుసటి వారం ఆయన రొట్టెలు కోసే ఆ ప్లైవుడ్ పలక మీద మార్కర్‌తో ఆ కన్ను గీశాడు. ఒక దేవుడి కన్ను కొట్లాటలో ముక్కలైందట, ఇంకో దేవుడు ఏరి కూర్చాడట. ఒక్కో ముక్క ఒక్కో వంతు. కంటికి ఒక పక్క సగం, నల్లగుడ్డు పావు, కనుబొమ్మ ఎనిమిదో వంతు, అట్లా సగానికి సగం చేసుకుంటూ పోతే కన్నీటి బొట్టు అరవై నాలుగో వంతు. ధాన్యం కొలిచేవాళ్ళు వాడిన వంతులు ఇవేనట. (కన్నుకూ కొలతలకూ నిజంగా అంత చుట్టరికం ఉందా అని ఇప్పుడు పండితులు అనుమానపడుతున్నారని ఈమధ్య చదివాను. ఆయన గొంతులో మాత్రం అనుమానం లేదు.) పోశెట్టి కాక ముందుకు వంగి కన్నును చూస్తూ ఉండిపోయాడు. అప్పుడే ఖాజా చివరి మాట అనువాదం చేశాడు.

“అన్నీ కలిపితే గూడ నిండు గాదంట భాయ్. అరవై నాలుగుల ఒక్క వంతు తక్వ పడ్తదంట. గది దేవుని తాన ఉందంట.”

అందరూ ఆయన చుట్టూ ఉన్నారు. నా చుట్టూ ఎవరూ లేరు. పొద్దున ఒకాయన మందు సీసా పట్టుకుని నన్ను దాటి ఆయన దగ్గరకు పోయాడు. ఆయనకు తెలుగు రాదు, ఆ సీసా మీద తెలుగు లేదు, అయినా నాకు మండింది.

“ఇన్నరా?” అన్నాను లేచి. “తక్వ పడ్తున్నదని ఆయన నోటితోనే ఒప్పుకున్నడు! ఆ దేవుడెవరో, ఆయన రూము ఏదో తెల్వాలె మనకు!”

ఆయన రోజూ గోడ మీద రాసే లెక్క ఒకటుండేది: సగం గుర్తు, కూడిక గుర్తు, ఎనిమిదో వంతు గుర్తు. నేను బొగ్గు తీసుకుని మన అంకెల్లోకి మార్చాను. ఒకటి కింద రెండు, ఒకటి కింద ఎనిమిది. కింది అంకెలు వేరైతే ముందు ఏదో చెయ్యాలని బడిలో చెప్పినట్టు లీలగా గుర్తుంది. ఏం చెయ్యాలో గుర్తు లేదు. పైవి కూడాను, రెండు. కిందివి కూడాను, పది. పదింట రెండు. అంటే ఐదో వంతు.

“ఐదు రొట్టెలు ఎనిమిది మందికి పంచితే మనిషికి సగం కన్న ఎక్వ రావాలె. ఈ మేస్త్రీ మనకు ఐదో వంతు ఇస్తుండు!”

హాల్లో ఒక పెద్ద ‘అవ్వో’ లేచింది. పోశెట్టి కాక ఒక్కడు తన చేతిలోకి చూసుకున్నాడు.

“సారూ, నా శేతుల సగం రొట్టె కనవడ్తున్నది గదా? పక్కన గీ ముక్క గూడ ఉండె.”

“అది కనవడుడే కాకా. లెక్కల లేదు.”

ఇన్నేళ్ళలో నేను చాలా తప్పులు మాట్లాడాను. అంత గొప్పగా మరెప్పుడూ మాట్లాడలేదు. హాలంతా లేచి నిలబడింది. ఒక చేత్తో సగం రొట్టె, ఇంకో చేత్తో ఎనిమిదో వంతు ఎత్తి పట్టుకుని ‘ఐదో వంతు నహీ చలేగా’ అని అరుస్తూ హాలు చుట్టూ తిరిగాము. అరుపు బాగుందని వేరే దేశాల వాళ్ళు కూడా కలిశారు. మూడు రోజులు రొట్టె ముట్టలేదు. మూడో రోజు క్యాంప్ బాస్ వచ్చాడు. లెక్క చూడనే లేదు. మనుషుల సంఖ్య చూశాడు. ఉస్తాద్‌ని ఉత్తరాన అల్ రువైస్ సైట్ స్టోర్‌కు మార్చాడు. అక్కడ సముద్రం, చేపల వాసన, పడవలు తప్ప అప్పట్లో ఏమీ లేవు. వెళ్ళేలోపు రెండు రోజులూ ఆయన్ని వెనక నుంచి ‘హరామీ’ అని పిలిచినవాళ్ళు ఉన్నారు. బడిపంతులు. రొట్టె దొంగ అనిపించుకున్నాడు.

ఆయన వెళ్ళేది శుక్రవారం మధ్యాహ్నం. గదిలో పోశెట్టి కాక నన్ను కూర్చోబెట్టి మంచం మీద తువ్వాల పరిచాడు, బియ్యం సంచి తెచ్చాడు, సోల తీశాడు.

“ఐదు మానికల బియ్యం, ఎనిమిది మంది. మానికకు నాలుగు సోలలు. మొత్తం ఎన్ని?”

“ఇరవై.”

“ఎనిమిది మందికి పంచు.”

“రెండున్నర సోలలు.”

“రెండు సోలలంటే తవ్వెడు. తవ్వెడంటే మానికల సగం. అరసోలెడంటే మానికల ఎనిమిదో వంతు.” సోలతో రెండుసార్లు కొలిచి పోశాడు, ‘లాభం... రెండు...’ తర్వాత సోలలో సగం మటుకు పోశాడు. “సగం, ఎనిమిదో వంతు. మేస్త్రీ కోసింది గిదే గదా పిలగా? ఆ కన్ను గూడ గంతే. తవ్వ, సోల, అరసోల, గిద్ద. మా నాయిన నేర్పిండు నాకు. ఆయనకు కన్ను గీసుడు రాదు, గంతే తేడా. మరి నీ ఐదో వంతు యాడికెల్లి వచ్చింది?”

తువ్వాల మీది బియ్యం చూశాను. నాకు అర్థమైంది. పూర్తిగా, ఒక్క గింజ తక్కువ కాకుండా అర్థమైంది. అదే సమయంలో బయట ఖాజా పికప్ హారన్ కొట్టాడు. లేచి వాకిట్లోకి వచ్చాను. ఉస్తాద్ ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ఒక ప్లాస్టిక్ సంచి. నన్ను చూసి అద్దం దించాడు. చెప్పాల్సింది ఒక్క వాక్యం: తప్పు నాది. మెస్ గుమ్మంలో ఇరవై మంది నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు “సారు పంపియ్యనీకి వచ్చిండు, సారు మనసు పెద్దది” అన్నాడు.

ఉస్తాద్ ఏదో చెప్పి ఆ పలకను కిటికీలోంచి నా చేతికిచ్చాడు.

“ఏమంటుండు?” అన్నాను.

“గింత పెద్ద క్యాంపుల లెక్కను లెక్కగ జూసినోడు నువ్వొక్కడివే అంటుండు,” అన్నాడు ఖాజా నా కళ్ళలోకి చూడకుండా. “తప్పు జూసినవ్, గాని జూసినవ్ అంటుండు. గిది నీ తాననే ఉండాల్నంట. ఇగ పోతం భాయ్, యల్లా.”

ఆయనకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసేమో. నేను పలక తీసుకుని, “షుక్రన్” అన్నాను, థాంక్సని. అంతే అన్నాను.

తర్వాత జరిగింది ఇంకా సిగ్గుచేటు. పంపకం నాకిచ్చారు. నేను అదే పలక మీద, అదే కత్తితో, నాలుగు రొట్టెల్ని సగానికీ ఐదోదాన్ని ఎనిమిదికీ కోశాను. వేరే దారి లేదు, ఐదు రొట్టెలు ఎనిమిది మందికి అంతకంటే శుభ్రంగా తెగవు. జనం తిని, “ఇప్పుడు నిండుగ ఉంది సారూ” అన్నారు. “మేస్త్రీ ఉన్నప్పుడు పొద్దుగూకంగనే ఆకలయ్యేది” అని పక్క బల్లవాడు ప్రమాణం చేసి చెప్పాడు. పోశెట్టి కాక మాత్రం తన వాటా తీసుకుంటూ ప్రతి రోజూ నా వైపు చూసి “ఐదో వంతేనా సారూ?” అని అడిగేవాడు. ఒక్క రోజు కూడా మానలేదు. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గురం, ప్యాకెట్‌లో మాత్రం అవే ఐదు. రెండు ఎండిపోయి చెత్తబుట్టలోకి పోతాయి. ఎవరి వాటా ఎంతో చూసుకోవాల్సిన అవసరం లేదు కాబట్టి ఎవరూ ఎవరి పళ్ళెం వైపూ చూడరు. అప్పుడు ఎనిమిది జతల కళ్ళు ఒక కత్తి మీద ఉండేవి. ఆ చూపుల్లో ఆకలి ఉండేది, అనుమానం ఉండేది, నిజం చెప్పాలంటే కొంత ప్రేమ కూడా ఉండేది, పక్కవాడికి తక్కువ పడితే ముందు అరిచేది మనమే కాబట్టి. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనను. తడి సాక్సులు తిరిగి రానక్కరలేదు.

పలక ఇంటికి తెచ్చి పోశెట్టి కాకకు ఫోన్ చేశాను. ఊళ్ళోనే ఉన్నాడు, చెవులు సరిగ్గా వినపడవు.

“కాకా, ఆ రొట్టెల లెక్క, తప్పు నాదే!”

“ఎవలది?”

“నాది! నాది!”

“గది నాకెరుకే గదా. నేనే గదా నీకు శెప్పింది. ఇన్నేండ్లకు ఫోన్ జేసి నా లెక్క నాకే శెప్తున్నవా? పోయి ఆయనకు శెప్పు.”

మరుసటి శుక్రవారం ఖాజాను బతిమాలి అల్ రువైస్ వెళ్ళాను. ఖాజా గడ్డం నెరిసింది, నడపడం మాత్రం మారలేదు. స్టోర్ ఉన్న చోట ఇప్పుడు వేరే కంపెనీ షెడ్డు. పక్కనే రేవు పనికి వచ్చిన మనవాళ్ళ గది, నిర్మల్, జగిత్యాల పిల్లలు. ముసలి మిస్రీ ఒకాయన ఇక్కడ ఉండేవాడా అని అడిగాను. వాళ్ళకు తెలియదు. చాలా ఏళ్ళ కిందట ఎవరో ఒకాయన ఉండి తన దేశం వెళ్ళిపోయాడని పక్క గది కాపలాదారు చెప్పాడు. బతికున్నాడో లేడో, అదీ తెలియదు. మోసుకొచ్చిన క్షమాపణ చేతుల్లోనే ఉండిపోయింది, పలక చంకలో ఉండిపోయింది.

“కూసోండ్రి, తినిపోదురు” అన్నారు పిల్లలు. ఖాజా ఉపవాసం అని బయటే చెట్టు నీడన పడుకున్నాడు. గుడ్డ పరిచారు. ఎనిమిది మంది, ఐదు రొట్టెలు. వాళ్ళలో పెద్దవాడు కత్తి తీసి ఒకదాన్ని సగానికి కోశాడు, రెండోదాన్ని సగానికి, మూడు, నాలుగు. ఐదోదాని మీద కత్తి పెట్టి, నన్ను చూసి ఆగాడు.

“గిట్ల కోసుడు ఎవరు నేర్పిండ్రు తమ్మీ?” అన్నాను.

“ఏమో అన్నా. మాకంటె ముందటోళ్ళు గిట్లనే కోసేటోళ్ళంట. మేస్త్రీ కోత అంటరు.”

“మేస్త్రీ కాదు” అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. “మిస్రీ. మిస్రీ కోత. ఆయన సారు. లెక్కల సారు. ఆయన దగ్గర ఒక్క తునక కూడా తక్కువ పడలేదు, దొంగ లెక్క నాది.” పలక తీసి కన్ను చూపించి, ఇప్పటిదాకా మీకు రాసిందంతా వాళ్ళకు చెప్పాను. ఎనిమిది మందీ ఓపిగ్గా విన్నారు. చివర్న పెద్దవాడు తల ఊపాడు.

“మంచిగున్నది అన్నా. మేస్త్రీ మంచోడున్నట్టున్నడు. మీరు తొమ్మిదో మనిషి గదా, ఇగ మల్ల లెక్క జెయ్యాలె.”

ఐదోదాన్ని కూడా సగానికి కోశాడు. అందులో ఒక సగం నా ముందు పెట్టాడు. మిగిలిన సగాన్ని ఆ పలక మీదే పెట్టి, నాలుక బయటపెట్టి, బొటనవేలంత ముక్కలు తొమ్మిది చేశాడు. “సరిగ్గ వచ్చినయా సారూ?” అన్నాడు. సారు అనొద్దని చెప్పాను. ‘సరే సారూ’ అన్నాడు.

నా చేతిలో ఒక సగం, ఒక పద్దెనిమిదో వంతు. నా పాత పద్ధతిలో పైవి కూడితే రెండు, కిందివి కూడితే ఇరవై. పదో వంతు. తిన్నాను. కడుపు నిండింది.